జర్మన్ చదివి ఏం చేస్తాదంట?

ఇంటర్ అయిపోయిన పిల్ల కంప్యూటర్ సైన్స్ చదువుతానంటే ఇంట్లో ఎవరూ ఎందుకని అడగరు. ఫీజెంత, కాలేజీ బస్సు ఉందా, ఇవే ప్రశ్నలు. అదే పిల్ల బి.ఏ. జర్మన్ చదువుతానందనుకోండి, పెద్దనాయన దగ్గర్నుంచి పాలు పోసే ఆయన దాకా అందరూ కూర్చుని తీర్పు చెప్పాల్సిన విషయం అయిపోతుంది.

ఈ ఏడు మా పుట్టింట్లో ఇదే నడుస్తోంది. మాది ఆళ్లగడ్డ. నన్ను నంద్యాలకిచ్చారు. మా అన్న కూతురు ఇంటర్‌లో మంచి మార్కులే తెచ్చుకుంది. ఇంజనీరింగ్ వద్దు, హైదరాబాద్‌లో ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో జర్మన్ చదువుతాను, ఆ తర్వాత యూరప్ రాజకీయాలు, సంస్కృతి మీద ఎం.ఏ. చేస్తాను అంటోంది. మా అన్న వేసిన ప్రశ్నే ఈ వ్యాసానికి పేరుగా పెట్టాను. ఆయనొక్కడి ప్రశ్న కాదది. ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో వచ్చేదే. అందుకే నేననుకుంటున్నది రాస్తున్నాను. మీకు వేరే అభిప్రాయం ఉంటే చెప్పండి.

మా అన్న అభ్యంతరాలు నాలుగు. వాళ్ల భాష మనకెందుకు? ఉద్యోగం వస్తుందా? ఆడపిల్లను అంత దూరం పంపితే పెళ్లి సంగతేంటి? నాలుగోది నా మీదికే వచ్చింది: "నువ్వు బి.ఏ. తెలుగు చదివి ఏం చేస్తాండావ్‌మ్మా, ఇంట్లో వంటే కదా." ఒక్కొక్కటే చూద్దాం. నాలుగోదాన్ని ఆఖరున చెప్తాను.

వాళ్ల భాష మనకెందుకు?

ఈ మాట అనేవాళ్లు ఒకసారి ఇల్లంతా కలయజూడండి. అల్మారా, ఇస్త్రీ, చొక్కాకు బొత్తాం, దండెం మీద తువ్వాలు, ఇల్లు కట్టిన మేస్త్రీ, పండ్లలో అనాస, బొప్పాయి, ఇవన్నీ పోర్చుగీసు వాళ్ల వెంట వచ్చిన మాటలు. పొద్దున్నే నంద్యాలలో ఏ హోటల్లోనైనా తినే ఉగ్గాని బజ్జీలో ఆ బజ్జీకి వేసే మిరపకాయ కూడా అమెరికా ఖండంలో పుట్టి పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి దిగిందే. సంగటిలోకి నూరుకునే చెనిక్కాయల ఊరిబిండిలో ఆ చెనిక్కాయా దక్షిణ అమెరికాదే. వాళ్ల పంటలు, వాళ్ల మాటలు మన వంటింట్లో ఐదొందల ఏళ్లనుంచి కాపురం చేస్తున్నాయి. వాళ్ల భాష చదువుతాననగానే మాత్రం పరాయిదైపోయింది.

శ్రీకృష్ణదేవరాయలు అంటే మనకు ప్రాణం. అహోబిల నరసింహస్వామికి ఆయన ఇచ్చిన కానుకల గురించి చెప్పుకుని మురిసిపోతాం. మరి ఆ రాయలు ఎంత పొడుగు, ఒంటి రంగేమిటి, పొద్దున లేచి ఏం కసరత్తు చేసేవాడు అనే వివరాలు మనకెక్కడ దొరికాయి? ఆయన కాలంలో విజయనగరానికి వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆయన రాసిపెట్టుకున్నాడు. తర్వాత కొన్నేళ్లకు న్యూనిజ్ అనే ఇంకొకాయన రాశాడు. వాటిని రాబర్ట్ స్యూయెల్ అనే ఇంగ్లిషు అధికారి 1900లో ఇంగ్లిషులో పుస్తకంగా వేస్తే, దాన్నుంచి మనం తెలుసుకున్నాం. మన రాజు ముఖం చూడటానికి రెండు పరాయి భాషల కిటికీల్లోంచి తొంగి చూస్తున్నామన్నమాట. పోర్చుగీసు నేరుగా చదివి తెలుగులో చెప్పగలిగే పిల్లలు మన ఊళ్లలోంచి పదిమంది వస్తే నష్టమా?

ఇక రాజకీయం. నిజాం నవాబు 1800లో సీమలో చాలా భాగాన్ని ఈస్ట్ ఇండియా కంపెనీకి రాసిచ్చేశాడు. అప్పట్నుంచి మన ప్రాంతం పేరే దత్తమండలాలు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని పేరులోనే ఉంది. ఆ పేరు వద్దని, 'రాయలసీమ' అని పిలుచుకుందామని 1928లో తీర్మానం జరిగింది మా నంద్యాలలోనే. పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు గారు భాషా శాస్త్రం తెలిసిన పండితుడు, ఆంధ్ర భాషా చరిత్ర రాసినాయన. ఒక మాట మారితే మనుషుల మనసు ఎట్లా మారుతుందో ఆయనకు తెలుసు. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో రైతు దగ్గర నేరుగా శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతి ఇక్కడ గట్టిగా పాతుకునేలా చేశాడు. కంపెనీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. ఆళ్లగడ్డ నుంచి కోవెలకుంట్లకు ఎంత దూరం? ఒక వ్యాపార కంపెనీ అంత దూరం వచ్చి మనల్ని పాలించే స్థితి ఎలా వచ్చింది, ఆ కాలంలో వాళ్ల దేశాల్లో ఏం జరుగుతోంది, మిగతా యూరప్‌తో వాళ్లకున్న పోటీ ఏమిటి, ఇవి తెలియకుండా మన కథ సగమే తెలిసినట్టు.

ఇంకో సంగతి. వాళ్లు మనల్ని చదవడం ఎప్పుడో మొదలుపెట్టారు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు రాయించాడు, వేమన పద్యాలు అచ్చు వేశాడు, నిఘంటువు చేశాడు. ఉద్యోగం అయిపోయి ఇంగ్లండు వెళ్లాక లండన్‌లో తెలుగు ప్రొఫెసర్‌గా పనిచేశాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఆళ్లగడ్డలో బస్సెక్కితే చాగలమర్రి, మైదుకూరు మీదుగా వెళ్లి చూసి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఇప్పటికీ పారిస్‌లో ఇనాల్కో అనే సంస్థలో తెలుగు నేర్పుతారు. బ్రౌన్ తెలుగు నేర్చుకుంటే దొర అని చేతులెత్తి మొక్కాం. మన పిల్ల జర్మన్ నేర్చుకుంటానంటే పిచ్చి అంటున్నాం. చదివేవాళ్లు వాళ్లు, చదవబడేవాళ్లం మనం, ఇట్లానే ఉండిపోవాలా?

అసలు ఏం చదువుతారు?

చాలామంది 'ఫారిన్ లాంగ్వేజ్' అంటే అంగడికి పోయి ఉప్పు పప్పు అడగడం నేర్పుతారనుకుంటారు. అది మొదటి ఆరు నెలలు. హైదరాబాద్ సంస్థ 1958లో ఇంగ్లిషు కోసం మొదలై, 1972లో విదేశీ భాషలు కూడా పేరులో చేర్చుకుని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, రష్యన్ లాంటి భాషల్లో బి.ఏ. ఆనర్స్ ఉంది. ఆ భాష ముందే వచ్చి ఉండాలని లేదు, అక్షరాల నుంచి మొదలుపెడతారు. ఆ పైన సాహిత్యం, చరిత్ర, సమాజం, అనువాదం వస్తాయి. ఢిల్లీ జె.ఎన్.యు.లో కూడా ఈ భాషల బి.ఏ. ఉంది. యూరప్ రాజకీయాలను ప్రత్యేకంగా చదివే విభాగం కూడా అక్కడ ఉంది.

తెలుగు వ్యాకరణం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు తమాషాగా అనిపించిన ఒక విషయం చెప్తాను. మనకు మహత్తు, అమహత్తు అని రెండు. ఏకవచనంలో ఆడవాళ్లను క్రియ దగ్గర అమహత్తులో కలిపేశాం. అన్న వచ్చాడు, కానీ అక్క వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది. జర్మన్‌లో మూడు లింగాలట. అందులో అమ్మాయి అనే అర్థం ఉన్న 'మేట్షెన్' నపుంసకలింగం! చిన్నదనాన్ని చెప్పే ప్రత్యయం చివర చేరితే ఏ మాటైనా అట్లే అయిపోతుందని మా మేనకోడలు చెప్పింది. అక్కడా ఇక్కడా ఆడపిల్ల గతి ఇంతేనా అని ఇద్దరం నవ్వుకున్నాం. మనకు నువ్వు, మీరు ఉన్నట్టు వాళ్లకీ దగ్గరివాళ్లకొకటి, గౌరవానికొకటి ఉన్నాయి. ఉపవాక్యంలో క్రియ మన తెలుగులోలాగా చివరికి పోతుంది. తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నారని ప్రతి సభలోనూ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాం. ఇటాలియన్ భాషను ఒక్కసారైనా చెవిన పెట్టినవాళ్లు ఆ సభలో ఎంతమంది ఉంటారు?

రాజకీయాల విషయానికొస్తే, యూరోపియన్ యూనియన్‌లో 27 దేశాలు, 24 అధికార భాషలు. చట్టం ఏదైనా అన్ని భాషల్లోనూ రావాలి. చిన్న దేశపు భాష అని పక్కన పెట్టరు. బెల్జియం అనే చిన్న దేశంలో డచ్చి మాట్లాడేవాళ్లు, ఫ్రెంచి మాట్లాడేవాళ్లు ఎలా సర్దుకుని బతకాలా అని ఎన్నో ఏళ్లుగా కొట్లాడుకుంటూ చట్టాలు మార్చుకుంటూ వచ్చారు. భాష పేరుతో 1953లో రాష్ట్రం తెచ్చుకుని, కర్నూలును రాజధాని చేసుకుని, మూడేళ్లకే ఆ రాజధానిని పోగొట్టుకున్నవాళ్లం మనం. ఈ విషయాలు మన పిల్లలకు అర్థమైనంతగా ఎవరికి అర్థమవుతాయి?

ఉద్యోగం మాటేమిటి?

ఇక్కడ అబద్ధం చెప్పకూడదు. బి.ఏ. జర్మన్ పట్టా చేతికి రాగానే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఇంటికొచ్చి పిలుచుకుపోరు. ఈ రోజుల్లో ఇంజనీరింగ్ పట్టాకి కూడా పిలవడం లేదనుకోండి, అది వేరే సంగతి. భాష చదివినవాళ్లకు బడుల్లో, కాలేజీల్లో పాఠాలు చెప్పే పని ఉంది, అనువాదం ఉంది, హైదరాబాద్, బెంగళూరుల్లో యూరప్ దేశాల పని చూసే కంపెనీల్లో ఆ భాష వచ్చినవాళ్ల అవసరం ఉంది. డిగ్రీ ఏదైనా సివిల్స్ రాయొచ్చు. విదేశాంగ శాఖకు ఎంపికైనవాళ్లకు ప్రభుత్వమే ఒక విదేశీ భాష నేర్పిస్తుంది.

మన ఊళ్లలోంచి జర్మనీకి ఎం.ఎస్.కు పోయే పిల్లలు ఎంతమందో మీకూ తెలుసు. అక్కడ చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదని పోతారు. ఫీజు లేకపోయినా ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ముందే బ్యాంకులో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, మన లెక్కలో పది లక్షల పైమాటే. ఆ డబ్బుకు పొలం తాకట్టు పెడతారు గానీ, పోయే దేశం భాష నేర్చుకోవడానికి ఆరు నెలలు కూర్చోమంటే కూర్చోరు. క్లాసు ఇంగ్లిషులోనే కదా అంటారు. క్లాసు ఇంగ్లిషులోనే. ఇంటి అద్దె కాగితం, ఆసుపత్రి, కరెంటు బిల్లు, ఉద్యోగం ఇంటర్వ్యూ? నర్సింగ్ చదివినవాళ్లు అక్కడ నర్సుగా గుర్తింపు పొందాలంటే సాధారణంగా బి2 స్థాయి జర్మన్ అడుగుతారు. యూరప్ భాషలకు ఏ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుంటే, బి2 నాలుగో మెట్టు. అంటే ఇంకో చదువుతో కలిస్తే భాష విలువ రెట్టింపవుతుంది. ఒంటరిగా ఉన్నా విలువుంది, కానీ బాగా లోతుకు పోవాలి. పై పైన నేర్చుకుంటే లాభం లేదు.

ఫోనే అనువాదం చేస్తోంది కదా, మనిషి ఎందుకని మా అన్న కొడుకు అన్నాడు. సరే, వాడి చేతే 'మా అవ్వకు మనసు బాగాలేదు' అన్న మాటను ఇంగ్లిషులో పెట్టించాం. అవ్వకు పిచ్చి పట్టిందన్న అర్థం వచ్చింది. ఉత్తరం ముక్క తిప్పడానికి ఫోను చాలు. అది తప్పు తిప్పిందని పట్టుకోవడానికి రెండు భాషలూ వచ్చిన మనిషి కావాలి.

నంద్యాల వాళ్లం ఒక విషయం మర్చిపోతుంటాం. 1991లో మనం ఐదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిపించి పంపిన ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు గారికి తెలుగు, హిందీ, మరాఠీ, ఉర్దూ, సంస్కృతంతో పాటు స్పానిష్, ఫ్రెంచి కూడా వచ్చు. విశ్వనాథ వారి వేయిపడగలను హిందీలోకి తెచ్చింది కూడా ఆయనే. ఆయన మెజారిటీ గురించి ఇప్పటికీ రచ్చబండల మీద చెప్పుకుంటాం. ఆ భాషల గురించి పిల్లలకు ఎవరైనా చెప్పారా?

నా బి.ఏ. సంగతి

ఇప్పుడు నాలుగో అభ్యంతరం. బి.ఏ. తెలుగు చదివి నేనేం చేస్తున్నాను?

ఫైనలియర్ పరీక్షలు అయిన నెలకే పెళ్లి చేశారు. తెలుగు పండిట్ ట్రైనింగ్ చేస్తానన్నాను. తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత పిల్లలు, అత్తమామల మందులు, ఇల్లు. ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు, అప్పట్లో మా ఊళ్లో అందరిళ్లలోనూ అదే పద్ధతి. కానీ లెక్క మాత్రం సరిగ్గా చూడాలి. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయిని కూడా పట్టా చేతికి రాగానే పెళ్లి చేసి ఇంట్లో కూర్చోబెడితే ఆమె కంప్యూటర్ సైన్స్ ఏం పని చేస్తుంది? అట్లాంటి కోడళ్లు నంద్యాలలో మా వీధిలోనే ముగ్గురున్నారు. వాళ్లను చూసి ఇంజనీరింగ్ పనికిరాదని ఎవరూ అనరు. నన్ను చూసి మాత్రం భాష చదువు పనికిరాదంటారు. పైకెక్కే మెట్టు తీసేసి, నువ్వు ఎక్కలేదేమని అడిగితే ఎట్లా?

ఆ మూడేళ్ల చదువు నాకేం మిగిల్చిందో నాకు తెలుసు. మాట విన్నప్పుడు దాని వెనకాల ఎవరున్నారో చూసే అలవాటు ఇచ్చింది. పిల్లలకు చదువు చెప్పుకున్నాను. ఈ బ్లాగు రాస్తున్నాను. ఇది చిన్న సంగతేం కాదు. కానీ ఇంకో రెండు మూడేళ్లు చదవనిచ్చి ఉంటే ఈ ఊళ్లోనే ఏదో ఒక బడిలో పాతికేళ్లు పాఠం చెప్పి ఉండేదాన్ని కదా.

అందుకే నా అభిప్రాయం ఒక్కటే. భాషలు, సంస్కృతులు, రాజకీయాల చదువు ఆడపిల్లకు పనికిరాకుండా పోతున్నది ఆ చదువులో పస లేక కాదు, మనం సగంలో తెంచేయడం వల్ల. కంప్యూటర్ చదువు నాలుగేళ్లకు ఒక కొసకు వస్తుంది. భాష చదువు మూడేళ్లకు మొలకెత్తుతుంది, ఎం.ఏ. దాకా పోతే కాయ కాస్తుంది. మొలక దగ్గర పీకేసి పంట పండలేదనడం న్యాయం కాదు. పంపితే ఐదేళ్లకు పంపండి. మధ్యలో సంబంధం వచ్చిందని పిలిపించేటట్టయితే ఇప్పుడే వద్దని చెప్పండి, పిల్లకు ఆశన్నా మిగలకుండా ఉంటుంది.

పంపే ముందు

అట్లాగని పిల్ల అడిగిందల్లా తలూపమనడం లేదు. సినిమాలో ప్యారిస్ చూసి ఫ్రెంచి చదువుతాననేవాళ్లూ ఉంటారు. ఆరు నెలలు ఇంటి దగ్గరే ఏ1 పాఠాలు నేర్చుకోమనండి. రోజూ గంట కూర్చుంటుందో లేదో తెలిసిపోతుంది. మా మేనకోడలు సెలవుల్లో చేసిందది, గోడ నిండా జర్మన్ మాటల కాగితాలే. ఫీజు కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీతో పోలిస్తే చాలా తక్కువ. హాస్టల్ సీటు దొరుకుతుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి. పై చదువుకు ఎరాస్మస్ ముండుస్ అనే యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్ ఉంది. ఎంపికైతే ఫీజు లేకుండా కనీసం రెండు దేశాల్లో ఎం.ఏ. చదువుకోవచ్చు, నెలకు 1,400 యూరోలు ఖర్చులకిస్తారు. పోటీ గట్టిగా ఉంటుంది. వస్తుందని లెక్కేసుకుని అప్పు చేయొద్దు.

ఇంకొక్కటి, బి.ఏ. తెలుగు దాన్ని కాబట్టి చెప్పక తప్పదు. ఇంటర్‌లో మార్కులు ఎక్కువొస్తాయని తెలుగు మాన్పించి సంస్కృతం తీసుకోమంటున్నారు. సంస్కృతం మీద ప్రేమ ఉండి కాదు, మార్కుల మీద. సొంత భాషలో నాలుగు పేజీలు తప్పుల్లేకుండా రాయలేని పిల్ల జర్మన్ నుంచి దేనిలోకి అనువాదం చేస్తుంది? బ్రౌన్ తెలుగును పట్టుకోగలిగాడంటే తన ఇంగ్లిషు తనకు గట్టిగా ఉండబట్టే. మా మేనకోడలికి నేను పెట్టిన షరతు ఇదొక్కటే: వారానికొకసారి నాకు తెలుగులో ఉత్తరం రాయాలి.

మా అన్న ఇంకా సరేననలేదు. కాదని కూడా అనలేదు. ఆయన భయం నాకర్థమవుతుంది. తెలిసిన దారిలో పంపితే పడినా పదిమందితో పాటు పడుతుంది, తెలియని దారిలో పడితే అందరూ తండ్రినే అంటారు. కానీ మన ఊళ్లలో మొదట అమెరికా పోయిన పిల్లలకు కూడా ఎవరో ఒక తండ్రి ఆ మాట పడటానికి సిద్ధపడే ఉంటాడు కదా. ఆ ధైర్యం అప్పులకూ వీసాలకే చాలనుకున్నాం. ఒక దేశాన్ని లోపలినుంచి చదివి అర్థం చేసుకుంటానన్న ఆడపిల్లకు కూడా అందులో కొంచెం ఖర్చు పెట్టమంటున్నాను.

మీ ఇంట్లో ఇట్లా అడిగిన పిల్ల ఉంటే, 'చదివి ఏం చేస్తావు' అని అడిగే ముందు 'చదువు పూర్తయ్యేదాకా నేనేం చేయాలి' అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు తప్పకుండా ఉంటుంది.